ముందు గొంతు మారితే బృందం నిలుస్తుందా?

గత పాఠంలో బుర్రకథ, ఒగ్గుకథ, యక్షగానం వంటి బృంద ప్రదర్శనల నిర్మాణాన్ని గురించి చదువుకున్నారు. బృందంలో ఎవరు ఎక్కడ నిలబడతారో, ఎవరు ఏ వాద్యం పట్టుకుంటారో మీకు తెలుసు. ఈ పాఠంలో ఒకే ఒక ప్రశ్నను తీసుకుందాం. బృందానికి ముందు నిలబడి పాడే మనిషి చనిపోయినా, విడిపోయినా, గొంతు పోగొట్టుకున్నా ఆ బృందం ఏమవుతుంది? ఆ స్థానంలో మరొకరిని నిలబెడితే అది పాత బృందమే అవుతుందా, పాత పేరు పెట్టుకున్న కొత్త బృందం అవుతుందా?

పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో ఈ ప్రశ్న చాలా పాతది. అక్కడి శ్రోతలు యాభై ఏళ్లుగా దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మన దగ్గర ఈ ప్రశ్నను ఈ మాటల్లో అడిగినవారు తక్కువ. కానీ ప్రతి ఊళ్లో, ప్రతి భజన మండలిలో, ప్రతి ఒగ్గుకథ బృందంలో ఈ కష్టం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మీలో కొందరికి ఇప్పటికే వచ్చి ఉండవచ్చు. అందువల్ల రాక్ బృందాల దగ్గర కాకుండా మా ఊరి గుడి దగ్గర మొదలుపెడతాను.

భానూర్‌లో ఒక శనివారం

పదవీ విరమణ తరువాత నేను భానూర్‌లో ఉంటున్నాను. పటాన్‌చెరు నుంచి శంకర్‌పల్లి వైపు వెళ్లేటప్పుడు వచ్చే ఊరు ఇది. ట్యాంకు విధ్వంసక క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉండటంవల్ల ఈ ఊరి పేరు బయటివారికి తెలుసు. చుట్టుపక్కల కంపెనీల్లో మూడు షిఫ్టులలో పనిచేసేవారు ఇక్కడ ఇంటికొకరైనా ఉంటారు.

శనివారం రాత్రి హనుమాన్ గుడి ముందు భజన జరిగేది. హార్మోనియం వాయిస్తూ ముందు పాడే పెద్దమనిషి ఒకరు, ఢోలక్ ఒకరు, తాళాలు, చిడతలు పట్టుకుని వెనక కూర్చునేవారు పది పన్నెండు మంది. ఆయన చరణం అందుకుంటాడు, మిగతావారు పల్లవి అందుకుంటారు. పాటలన్నీ ఆయన దగ్గర ఒక లావుపాటి నోటుబుక్కులో ఉండేవి. అందులో సగం ఆయన తండ్రి చేతిరాత.

ఆయన పోయారు. దినకర్మలు అయిన తరువాత కొడుకులు ఆ నోటుబుక్కును తండ్రి ఫొటో పక్కన పెట్టి దండ వేశారు. దాన్ని ఇమ్మని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఏడు వారాలు గుడి ముందు భజన లేదు. ఎనిమిదో వారం నలుగురు కూర్చుని మొదలుపెట్టారు. పల్లవి బ్రహ్మాండంగా వచ్చింది. మొదటి చరణం సగం వచ్చింది. రెండో చరణం దగ్గర అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఏళ్లుగా ఆ పాట పాడుతున్నవారే! కానీ వారు ఇరవై ఏళ్లుగా పాడుతున్నది పల్లవి మాత్రమే. చరణాలు ఎప్పుడూ ఆయనవే.

ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి. ఈ పాఠంలో తరువాత చెప్పబోయే చాలా విషయాలకు మూలం ఇదే. బృందంలో ఉన్నంత మాత్రాన పాట తెలిసినట్లు కాదు.

ఆ రోజు వెనక వరుసలో కూర్చున్న ఒక ఆడమనిషి రెండో చరణం అందించింది. మూడోది కూడా. ఆమెకు చదువు రాదు. మరునాడు దారిలో కనిపిస్తే, "అన్ని చరణాలు నీకెట్ల వచ్చినయి అక్కా?" అని అడిగాను. "బుక్కు సూసి సదివేటోళ్లకు యాది పెట్టుకునే పనేముంది సారూ, నాకు సదువు రాదాయె, అందుకే యాది పెట్టుకున్న" అంది.

ఇప్పుడు ముందు పాడేది ఆమే. భజన సాగుతోంది. అయితే పాత భజన సాగుతోందని చెప్పలేను. ఆమె శ్రుతి వేరు. ఆ ఎత్తులో మగవారిలో సగం మంది పల్లవి అందుకోలేకపోతున్నారు. హార్మోనియం మూలకు పడింది. "ఆయన లేని భజన భజనేనా సారూ" అని ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. అంతకుముందు భజనకు రాని ఆడవారు నలుగురైదుగురు కొత్తగా వస్తున్నారు. దీన్ని నిలవడం అనాలా, మారడం అనాలా? తేల్చుకునే ముందు మరికొన్ని బృందాలను చూద్దాం.

గొంతు మారితే ఏమేమి మారుతుంది

ఢోలక్ వాయించేవాడు మారితే చాలామంది శ్రోతలు గమనించరు. గాయకుడు మారితే మొదటి మాటలోనే గుర్తుపడతారు. దీనికి కారణం ఉంది. వాద్యాన్ని మనిషి బయట పట్టుకుంటాడు, గొంతు ఒంట్లోనే ఉంటుంది. స్వరపేటికలోని తంత్రుల పొడవు, మందం, గొంతు గొట్టం ఆకారం, నోరు, ముక్కు, ఇవన్నీ కలిసి ఒక్కొక్కరికి ఒక్కొక్క నాదగుణాన్ని ఇస్తాయి. టెలిఫోన్‌లో "నేనే" అన్నంత మాత్రాన అమ్మను గుర్తుపట్టేది దానివల్లనే. దాన్ని అనుకరించవచ్చు గాని పూర్తిగా తెచ్చిపెట్టుకోవడం ఎవరివల్లా కాదు.

రెండోది శ్రుతి. మన హార్మోనియం వాద్యకారుల లెక్కలో మగ గొంతులు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల దగ్గర, ఆడ గొంతులు ఐదు, ఆరు శ్రుతుల దగ్గర హాయిగా పాడతాయి. గాయకుడు మారితే శ్రుతి మారుతుంది, శ్రుతి మారితే వాద్యాలన్నీ జరగాలి. తంబురకు తంతి బిగిస్తే సరిపోతుంది. గిటారు మీద అంత తేలిక కాదు. రాక్ పాటలలో చాలా వరకు గిటారు మీద వేళ్లు ఆనించని ఖాళీ తంతుల మోత మీద కట్టినవి. శ్రుతి జరిపితే ఆ మోత పోతుంది. అందువల్ల రాక్ బృందాలు కొత్త గాయకుణ్ణి వెతికేటప్పుడు బాగా పాడేవాణ్ణి మాత్రమే కాదు, పాత శ్రుతిలో పాడగలిగేవాణ్ణి వెతకవలసి వస్తుంది. వెతుకులాట అక్కడే సగం ఇరుకైపోతుంది.

మూడోది మనిషి. శ్రోత గొంతును గొంతుగా వినడు, ఎవరిదో ఒకరిదిగా వింటాడు. ఇక్కడ మన సినిమా పాట ఒక విచిత్రమైన ఉదాహరణ. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ముఖాలకు ఆయన గొంతు అతుక్కుపోయి ఉన్న కాలం అది. అయినా సినిమాలు ఆగలేదు. రామకృష్ణ పాడారు. బాలసుబ్రహ్మణ్యం ఏ నటుడికి ఆ నటుడి మాటతీరును బట్టి గొంతు మలుచుకుని పాడారు. కొన్నేళ్లకు జనం అలవాటుపడ్డారు. ఎందుకు? తెర మీద ముఖం మారలేదు కాబట్టి. శ్రోతకు పట్టుకోవడానికి ఒకటేదో మిగిలింది. గొంతూ ముఖమూ ఒకే మనిషివి అయిన చోట, అంటే వేదిక మీద పాడే బృందంలో, ఆ ఆసరా ఉండదు. మరి అక్కడ శ్రోత దేన్ని పట్టుకుంటాడు?

వంత అనే ఏర్పాటు

బుర్రకథలో కథకుడు తంబుర భుజాన వేసుకుని, చేతి వేళ్లకు అందెలు తగిలించుకుని మధ్యలో నిలబడతాడు. అతనికి రెండు పక్కలా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం, అంటే సమకాలీన వ్యాఖ్య చెబుతారు. షేక్ నాజర్ వంటి మహా కథకుడి పేరు చెప్పగానే మనకు మధ్యలో నిలబడిన మనిషే కళ్ల ముందు కనిపిస్తాడు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూసిన నాజర్ బుర్రకథకు పితామహుడిగా పేరు తెచ్చుకున్నారు. అయినా ఆ రూపం బలం మధ్య మనిషిలో మాత్రమే లేదు, పక్క మనుషులలోనూ ఉంది.

వంత పాడేవాడు ఊరికే "తందాన" అనేవాడు కాడు. కథ ఎక్కడికి పోతున్నదో, ఏ వాక్యం దగ్గర ప్రశ్న వేయాలో, ఎక్కడ నవ్వించి కథకుడికి ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాలో అతనికి తెలిసి ఉండాలి. అంటే కథంతా తెలియాలి. అలా కొన్నేళ్లు వంతగా ఉన్నవాడు తంబుర భుజాన వేసుకుంటే కథకుడు కాగలడు. మా భానూర్ భజనలో చరణాలు తెలిసిన మనిషి ఒక్కరే ఉండటం అదృష్టం. బుర్రకథలో అది అదృష్టం కాదు, ఏర్పాటు. 1940లలో ప్రజానాట్యమండలి కాలంలో మోటూరి ఉదయం వంటి మహిళలు దళం కట్టి బుర్రకథ చెప్పగలిగారంటే కారణం కూడా ఇదే. గొంతు ఆడదైనా మగదైనా రూపం చెక్కుచెదరకుండా చేతులు మారగలిగింది.

ఒగ్గుకథలోనూ ఇటువంటిదే. ప్రధాన కథకుడి పక్కన నిలబడి మాట అందుకునేవాడు కథలో పాత్రగా మారతాడు, కథకుడిని ప్రశ్నిస్తాడు, ఒక్కోసారి కథను తనవైపు లాక్కుంటాడు. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటివారి పక్కన ఏళ్ల తరబడి నిలబడినవారికి అదే బడి, అదే పరీక్ష.

రాక్ సంగీతంలో ఈ వంత ఏర్పాటు లేదని తొందరపడి రాయకండి. పేరు లేకపోయినా అక్కడక్కడా ఉంది. ఇంగ్లండుకు చెందిన జెనెసిస్ బృందంలో పీటర్ గాబ్రియెల్ ముందు గాయకుడు. రకరకాల వేషాలు కట్టి, పాటల మధ్య కథలు చెప్పి ప్రేక్షకులను ఆకట్టుకునే మనిషి. ఆయన 1975లో బృందాన్ని విడిచిపెట్టారు. మిగిలినవారు బయటి గాయకులను ఎందరినో పిలిపించి పాడించి చూశారు. ఎవరూ కుదరలేదు. చివరకు వెనక కూర్చుని డ్రమ్స్ వాయిస్తున్న ఫిల్ కాలిన్స్ ముందుకు వచ్చి పాడారు. ఆయన 1970 నుంచి బృందంలో ఉన్నవాడు, గాబ్రియెల్ వెనక పల్లవులు అందుకున్నవాడు, ఒకటి రెండు పాటలు తానే పాడినవాడు. మన మాటలో చెప్పాలంటే వంత. 1976లో వచ్చిన ఆల్బమ్‌తో బృందం నిలదొక్కుకుంది. తరువాతి పదేళ్లలో గాబ్రియెల్ కాలంలో కంటే ఎక్కువ ప్రజాదరణ పొందింది. పాతకాలపు అభిమానులు దీన్ని ఒప్పుకోరు, ఆ బృందం 1975లోనే ముగిసిందంటారు. వారి మాటనూ కొట్టిపారేయకండి. కాలిన్స్ హయాంలో పాటలు పొట్టివయ్యాయి, సూటివయ్యాయి. బృందం నిలిచింది, రుచి మారింది.

బయటి గొంతు

లోపల వంత లేనప్పుడు బయటినుంచి తెచ్చుకోవాలి. రాక్ చరిత్రలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఆస్ట్రేలియా బృందం ఏసీ డీసీ. ముందు గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో చనిపోయారు. బృందాన్ని ఆపేద్దామని కూడా అనుకున్నారు. కానీ కొన్ని వారాల్లోనే బ్రయన్ జాన్సన్ అనే ఇంగ్లీషు గాయకుణ్ణి తీసుకున్నారు. ఆయన జోర్డీ అనే బృందంలో పాడినవాడు. బాన్ స్కాట్ ఒకప్పుడు ఆయన పాట విని మెచ్చుకున్న సంగతి బృందానికి గుర్తుంది. ఆ ఏడాది జూలైలో వచ్చిన 'బ్యాక్ ఇన్ బ్లాక్' ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటి.

ఇది ఎలా సాధ్యమైందో కొంచెం లోతుగా చూడండి. ఆ బృందపు పాటలకు వెన్నెముక ఆంగస్ యంగ్, మాల్కం యంగ్ అనే ఇద్దరు అన్నదమ్ముల గిటారు వరుసలు. అవి ఎక్కడికీ పోలేదు. అంటే చరణాల నోటుబుక్కు ఫొటో పక్కకు చేరలేదు, బృందం చేతిలోనే ఉంది. జాన్సన్ కూడా బాన్ స్కాట్‌ను అనుకరించలేదు. శ్రుతి దగ్గరిదే అయినా గొంతు గరుకు వేరు. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బృందం తన దుఃఖాన్ని దాచలేదు. ఆ ఆల్బమ్ అట్ట మొత్తం నలుపు. మొదటి పాట గంట మోతతో మొదలవుతుంది. కొత్త గాయకుడు పాడబోయే ముందు పాత గాయకుడికి గంట కొట్టారన్న మాట. మన దగ్గర దినకర్మలు చేయకుండా కొడుకు తండ్రి కుర్చీలో కూర్చోడు. శ్రోతలకూ ఆ పది రోజులు ఇవ్వాలి.

ఇంకో విషయం. బాన్ స్కాట్ కూడా ఆ బృందపు మొదటి గాయకుడు కాడు. 1974లో డేవ్ ఎవాన్స్ స్థానంలో వచ్చినవాడు. ఆ మార్పును ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, ఎందుకంటే అప్పటికి బృందానికి పెద్దగా శ్రోతలు లేరు. శ్రోతలు అతుక్కోకముందు జరిగిన మార్పు మార్పుగా కనిపించదు.

అమెరికా బృందం జర్నీ దీనికి పూర్తిగా వేరే దారి పట్టింది. 2007లో ఆ బృందం గిటారిస్టు నీల్ షాన్ ఇంటర్నెట్‌లో మనీలాకు చెందిన ఆర్నెల్ పినేడా అనే గాయకుడి వీడియోలు చూశారు. పినేడా తన ఊళ్లో ఇతరుల పాటలు పాడే బృందంలో ఉన్నవాడు. పాత గాయకుడు స్టీవ్ పెరీ గొంతుకు ఆయన గొంతు ఆశ్చర్యపోయేంత దగ్గర. ఇక్కడ అనుకరణే అర్హత అయింది. బృందం ఊరూరా కచేరీలు చేస్తూనే ఉంది. జనం పాత పాటల కోసం వస్తారు, పాత గొంతు లాంటి గొంతు వింటారు, సంతోషంగా వెళతారు. నా దృష్టిలో ఇది బృందాన్ని బతికించుకోవడం కంటే జ్ఞాపకాన్ని బతికించుకోవడం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ బృందానికి ఆ గాయకుడు కొత్త దారి చూపగలడా అన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో ఇండియన్ ఓషన్ బృందాన్ని చూడండి. 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అశీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన బృందం. జానపద బాణీలను, శాస్త్రీయ సంగీతాన్ని రాక్‌తో కలిపిన బృందాలలో దీనిది పెద్ద పేరు. అశీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూ పాడేవారు. ఒకే మనిషి, రెండు పనులు. 2009 డిసెంబర్ 25న ఆయన మరణించారు. బృందం అటువంటి మనిషి కోసం వెతుక్కోలేదు. ఆయన స్థానంలో ఇద్దరు వచ్చారు. తబలాకు తుహీన్ చక్రవర్తి, పాటకు హిమాంశు జోషి. ఆయన బతికుండగా పాడి ఉంచిన పాటలను 2010లో విడుదల చేశారు, అది వారి గంట మోత. 2013లో సుస్మిత్ సేన్ కూడా వెళ్లిపోయారు. అంటే మొదలుపెట్టిన ఇద్దరూ లేరు. అయినా 2014లో కొత్త ఆల్బమ్ వచ్చింది. రాహుల్ రామ్, అమిత్ కిలమ్ అనే పాత చేతులు మిగిలి ఉండటం వల్ల ఇది సాధ్యమైంది. పోయిన మనిషి ఆకారంలో ఖాళీని నింపాలని చూడకుండా, ఖాళీ చుట్టూ బృందాన్ని కొత్తగా సర్దుకున్నారు. భానూర్ అక్క చుట్టూ ఆడవారు చేరినట్లు.

నిలవలేనివి కూడా ఉన్నాయి. జిమ్ మోరిసన్ 1971లో చనిపోయిన తరువాత డోర్స్ బృందంలో మిగిలిన ముగ్గురు తామే పాడుతూ రెండు ఆల్బమ్‌లు చేశారు. 1973లో విడిపోయారు. వాద్యాలు పాతవే, మనుషులు పాతవారే. కానీ ఆ బృందంలో జనం పట్టుకున్నది మోరిసన్ మాటనూ మనిషినీ. వాన్ హేలెన్ అనే బృందం రెండు అనుభవాలనూ చవిచూసింది. 1985లో మొదటి గాయకుడు వెళ్లిపోతే సామీ హేగర్ వచ్చారు, 1986 నాటి ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. తరువాత వచ్చిన మూడో గాయకుడితో చేసిన 1998 ఆల్బమ్‌ను శ్రోతలు ఆదరించలేదు. గిటారిస్టు అదే మనిషి. కాబట్టి గిటారు బలంగా ఉంటే చాలన్న సూత్రం కూడా నిలబడదు.

జననాట్య మండలి

ఇప్పుడు మన తెలుగు నేల మీద అన్నిటికంటే కష్టమైన ఉదాహరణకు వద్దాం. ఇందులోని రాజకీయాలతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఈ పాఠంలో మనకు కావలసింది ప్రదర్శన రూపం మాత్రమే.

1972లో ఏర్పడిన జననాట్య మండలికి గద్దర్ ముందు గొంతు. మన ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఆయన. గోచి, గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఈ వేషాన్ని గమనించండి. ఇది ఒక్క మనిషి వేషం కాదు, పల్లెలో పశువులు కాసే ఎవరి వేషమైనా అదే. దాన్ని ఎవరు కట్టుకున్నా గాయకుడిలా కనిపించేలా ఎంచుకున్నది. పాటలూ అంతే. బాణీలు జనానికి ముందే తెలిసినవి, పల్లవి ఒక్కసారి వింటే పట్టుబడేది, వెనక వారు అందుకోవడానికి వీలైన తేలికైన మాటలు. పాట ఒకరి గొంతులో ఇరుక్కోకుండా ఊరూరా చేతులు మారాలన్న ఉద్దేశంతో కట్టిన రూపం అది. వంగపండు ప్రసాదరావు వంటి గొప్ప పాటకర్తలూ అందులో ఉన్నారు.

1985 నుంచి 1990 దాకా గద్దర్ అజ్ఞాతంలో ఉన్నారు. ముందు గాయకుడు బహిరంగ వేదిక మీద కనిపించని ఐదేళ్లు. పాటలు ఆగాయా? లేదు. క్యాసెట్లలో, పల్లె దళాల గొంతుల్లో తిరిగాయి. రూపం అనుకున్న పని చేసింది. కానీ 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు మైదానం పట్టనంత జనం వచ్చారు. పాటలు తెలియక వచ్చారా? పాటలన్నీ వారికి కంఠస్థమే. వారు వచ్చింది ఒక మనిషి కోసం.

రెండు నిజాలూ ఒకేసారి నిలబడుతున్నాయి చూడండి. పాటకు ఆయన అక్కరలేదు, జనానికి ఆయన కావాలి. ఇది ఎందుకో నేను చాలాకాలం ఆలోచించాను. గద్దర్ పాటను పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క బిగిన పాడేవారు కాదు. మధ్యలో ఆపేవారు. మాట్లాడేవారు, అడిగేవారు, తిట్టేవారు, నవ్వించేవారు, ఒక్కోసారి కన్నీళ్లు పెట్టించేవారు. వెనక దప్పు మెల్లగా మోగుతూ ఉండేది. తరువాత ఎక్కడ ఆపారో అక్కడే పాట అందుకునేవారు. పాటను ఎవరైనా దింపుకోవచ్చు. పాట మధ్య ఆ మాటను దింపుకోలేరు, అది ఆ రోజుదీ ఆ ఊరిదీ. ఆయన తరువాత వచ్చిన ఎందరో యువ గాయకులు గొంగడి వేసుకున్నారు, కర్ర పట్టుకున్నారు, పాటను ఆపడం కూడా నేర్చుకున్నారు. ఆపిన తరువాత ఏం మాట్లాడాలో తెలియక పాత మాటలే చెప్పినవారిని నేను చూశాను.

తరువాతి కాలంలో ఆయన మండలి గాయకుడిగా కంటే గద్దర్‌గానే వేదికలు ఎక్కారు. పేరు బృందం నుంచి మనిషికి మారింది. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు ఎల్.బి.స్టేడియంలో ఉంచిన భౌతికకాయం చుట్టూ చేరినవారు పాడుతూనే ఉన్నారు. ఆ పాటలలో కొన్ని ఆయనకంటే పాతవి. బండి యాదగిరి సాయుధ పోరాట కాలంలో కట్టిన బండి పాటను 1979 నాటి 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడారు. చాలామంది అది గద్దర్ కట్టిన పాటే అనుకుంటారు. అంటే ఆయనే ఒక పాత గొంతు స్థానంలోకి వచ్చిన కొత్త గొంతు. యాదగిరి గొంతు విన్నవారు ఈ కొత్త గొంతును ఎలా తీసుకున్నారో మనకు తెలియదు. మనకు తెలిసిన మొదటి గొంతు మనకు అసలు గొంతు.

తెలంగాణ ఉద్యమంలో 2002 నుంచి సాగిన ధూంధాం వేదికలు ఈ సమస్యను మరో రకంగా దాటాయి. ఒకే వేదిక మీద ఒకరి తరువాత ఒకరు పాడతారు. ఒకరు పాడేటప్పుడు మిగతావారు వంత. మరుక్షణం వంత పాడినవారే ముందుకు వస్తారు. ఒక్క గాయకుడు రాకపోతే వేదిక ఆగదు. అదే సమయంలో, ఆ వేదికకు ఒక్క గొంతుగా గుర్తింపు కూడా ఉండదు. ఏది పొందితే ఏది పోతుందో మీరే లెక్క వేసుకోవాలి.

పేరు ఎవరిది

గాయకుడు పోయినప్పుడు మిగిలినవారు ముందుగా తేల్చుకోవలసింది పేరు. 1980లో ఇయాన్ కర్టిస్ మరణం తరువాత ఇంగ్లండులోని జాయ్ డివిజన్ బృంద సభ్యులు పాత పేరును వదిలి న్యూ ఆర్డర్ అనే కొత్త పేరుతో కొనసాగారు. క్వీన్ బృందం 1991లో ఫ్రెడీ మెర్క్యురీ మరణం తరువాత పేరును వదలలేదు, కొత్త గాయకుడి పేరును దానిలో కలపనూ లేదు. క్వీన్ ప్లస్ ఆడమ్ లాంబర్ట్ అని మధ్యలో కూడిక గుర్తు పెట్టారు. నాకు ఈ కూడిక గుర్తు నచ్చుతుంది. వచ్చినవాడు పోయినవాడి కుర్చీలో కూర్చోలేదని, పక్కన మరో కుర్చీ వేసుకున్నాడని అది చెబుతుంది.

పేరు కుటుంబానిదే అయితే ఈ గొడవ ఉండదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ప్రదర్శించిన కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాలు ఇప్పటికీ ఉన్నాయి. మనకు దగ్గరలోనే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. బాలపాత్రలతో మొదలుపెట్టినవారు యువకులై నాయక పాత్రలు వేస్తారు, ముసలివారై ఋషులూ తాతలూ అవుతారు. పాత్ర ఖాళీ కాకముందే దానికి తరువాతి మనిషి తెర పక్కన నిలబడి పద్యం నేర్చుకుంటూ ఉంటాడు. పద్మశ్రీ పొందిన సురభి బాబ్జీ 2022లో మరణించినప్పుడు సమాజం ఒక పెద్ద దిక్కును కోల్పోయింది, నాటకాలు మాత్రం ఆగిపోలేదు. దీనికి మూల్యం కూడా ఉంది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి వేరే చదువు, వేరే ఉద్యోగం కావాలనిపిస్తే ఆ గొలుసులో ఒక కడియం తెగుతుంది. మన పారిశ్రామిక ప్రాంతంలో ఒగ్గుకథ కుటుంబాలకు ఎదురవుతున్నది ఇదే. తండ్రి కథకుడు, కొడుకుది బి షిఫ్టు. కొడుకు గొంతు బాగుంటుంది, కథ కూడా వస్తుంది, కానీ మల్లన్న పట్నం రోజున సెలవు దొరకదు. బృందాలు గొంతు లేక ఆగిపోవడం నేను తక్కువగా చూశాను. మనిషికి తీరిక లేక ఆగిపోవడం ఎక్కువగా చూశాను.

అభ్యాసం

మీ ఊళ్లో గాని, మీరు పనిచేసే చోట గాని ఉన్న ఒక బృందాన్ని ఎంచుకోండి. భజన మండలి, బతుకమ్మ పాటల గుంపు, ఒగ్గుకథ బృందం, పెళ్లి బ్యాండు, కాలేజీ రాక్ బృందం, ఏదైనా ఫరవాలేదు. ముందు పాడేవారు లేని సమయంలో, మిగిలినవారిని ఒక పాట పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడమని అడగండి. ఎక్కడ ఆగారో, ఎవరు అందించారో రాయండి. పాటల పుస్తకం ఉంటే అది ఎవరి ఇంట్లో ఉందో తెలుసుకోండి. వీలైతే, యజమాని అనుమతితో, దానికి ఒక నకలు తీయించి బృందంలో మరొకరి దగ్గర ఉంచండి. మీ పరిశీలనను నాలుగు పుటలకు మించకుండా రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.

భానూర్ నోటుబుక్కు సంగతి అడుగుతారేమో. పోయిన దీపావళికి పెద్ద కొడుకు దాన్ని తానే తెచ్చి అక్క చేతికి ఇచ్చాడు. ఆమె చదవలేదు కాబట్టి ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు పక్కన కూర్చుని చదువుతోంది. తాత చేతిరాతలో కొన్ని పాటలు ఎవరికీ బాణీ తెలియనివి ఉన్నాయట. వాటికి ఆమె తనకు తోచిన బాణీ కడుతోంది.